పాలోళ్ళ లెక్క – నొప్పి గోలీల వాటాలు



గత నెలలో నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోను చేశాడు. పదో తరగతిలో ఛందస్సు నాకంటె వేగంగా గణవిభజన చేసినవాడు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. కుశలప్రశ్నలయ్యాక అసలు సంగతికి వచ్చాడు.

"సార్, నొప్పి గోలీలు చేసే చిన్న కంపెనీ ఒకటున్నది. షేరు నలభై రూపాయలే. మా ఆఫీసుల అందరు కొంటున్నరు. మీరేమంటరు?"

"సంధులు, సమాసాలు చెప్పినోన్ని షేర్ల ముచ్చట అడుగుతవేందిరా?" అని నవ్వాను.

"మీరు ఒకసారి పైసలు పోగొట్టుకున్నరని మా నాయిన చెప్పిండు సార్. అందుకే అడుగుతున్న" అన్నాడు.

వాడు అన్నది నిజమే. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. నాలుగు రోజులు ఆలోచించి, నాకు తెలిసిన చరిత్రను ఒకచోట కూర్చి వ్రాయడమే వాడికి సరైన సమాధానమని తోచింది. ఇది పెట్టుబడి సలహా కాదు. మా ఊరి మీదుగా పోయే ఒక రహదారి కథ, ఆ రహదారి పొడుగునా పుట్టిన మందుల కథ.

ముందు ఒక మాటను గురించి. షేరును పత్రికలవారు 'వాటా' అంటున్నారు. దానికంటె పాత తెలుగు మాట 'పాలు'. పాలుపంచుకోవడం, పాలికాపు, పాలివారు – అన్నీ ఆ మాట సంతానమే. మా ప్రాంతంలో దాయాదులను 'పాలోళ్ళు' అంటారు. పాలోళ్ళకు భూమిలో పాలుంటుంది, బావి నీటిలో పాలుంటుంది. ఇంట్లో ఎవరైనా పోతే ఆ మైల కూడా పాలోళ్ళందరికీ ఉంటుంది. పొలం పంచుకున్నవాడు మైల నాకు వద్దంటే ఊరు ఒప్పుకోదు. ఈ మాట చివర మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక రహదారి. మా కేతేపల్లి హైదరాబాదు – విజయవాడ జాతీయ రహదారి మీద, నకిరేకల్లుకూ సూర్యాపేటకూ నడుమ ఉంది. ఒకప్పుడు దీనిని 9వ నంబరు రహదారి అనేవారు, ఇప్పుడు 65. కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర నిలబడి తూర్పుకు పోతే, మూసీ వంతెన దాటాక సూర్యాపేట. అక్కడ దాసాయిగూడెంలో సువెన్ సంస్థ మొదటి కర్మాగారం. పడమరకు పోతే నకిరేకల్లు, నార్కట్‌పల్లి, చిట్యాల దాటాక చౌటుప్పల్. దాని సమీపంలో లింగోజిగూడెం వద్ద దివీస్ ల్యాబొరేటరీస్ మొదటి కర్మాగారం. కందులు, ఆముదాలు, జొన్నలు పండిన చెలకల్లో ఔషధ రసాయనాలు ఎలా పండాయి? అది యాదృచ్ఛికం కాదు.

1961లో సోవియట్ సహాయంతో కేంద్రప్రభుత్వం ఐ.డి.పి.ఎల్. అనే ఔషధ సంస్థను నెలకొల్పింది. దాని కృత్రిమ ఔషధాల కర్మాగారం హైదరాబాదు బాలానగర్‌లో వెలసింది. మన పిల్లలు రసాయనశాస్త్రం చదివి, అక్కడ టన్నుల లెక్కన మందు చేసే విద్య నేర్చుకున్నారు. ప్రయోగశాలలో గ్రాము తయారుచేయడం వేరు, కర్మాగారంలో టన్ను తయారుచేయడం వేరు. ఆ రెండవ విద్యకు ఐ.డి.పి.ఎల్. గురుకులమైంది. ఆ గురుకులమే 1992 నాటికి ఖాయిలా పరిశ్రమగా తేలడం మరొక విషాదం.

రెండవ కారణం చట్టం. 1970 నాటి పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఔషధం అనే వస్తువు మీద పేటెంటు లేదు. తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఉంటుంది. ఒక ఊరికి నాలుగు బాటలున్నప్పుడు ఒక బాట మీదనే ఒకరికి హక్కు ఉంటే, మిగిలిన మూడింటి గుండా మనం పోవచ్చుగదా! మన రసాయన శాస్త్రజ్ఞులు అలాగే పోయారు. ఈ వెసులుబాటు 2005 జనవరి 1న ముగిసింది. నడుమ గడిచిన ముప్ఫై మూడేళ్ళలోనే హైదరాబాదు ముడి ఔషధాలకు రాజధాని అయింది.

ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి బయటికి వచ్చినవారిలో డాక్టర్ కల్లం అంజిరెడ్డి ప్రసిద్ధులు. 1984లో ఆయన డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ స్థాపించారు; 1986లో అది ప్రజలకు వాటాలు అమ్మింది. 2001లో న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజిలోనూ చేరింది. ఆయనతో కలిసి కెమినార్ డ్రగ్స్ అనే సంస్థను నడిపినవారు అమెరికా నుంచి తిరిగివచ్చిన మురళి దివి. కెమినార్ ముఖ్య ఉత్పత్తి ఇబుప్రొఫెన్ – నొప్పి గోలీయే. నొప్పి తగ్గించే మందును అమెరికాకు అమ్మగలమని మనవారికి ధైర్యం కలిగించిన వాటిలో అది ఒకటి.

నొప్పి మందుల మీదనే ఇంతమంది దృష్టి ఎందుకు పడింది? వాటికి గిరాకీ తరగదు. నొప్పి లేని ఊరు లేదు. 1899లో జర్మనీలోని బేయర్ సంస్థ ఆస్పిరిన్ పేరుతో అమ్మకం మొదలుపెట్టిన నాటి నుంచి ఈ వ్యాపారం ఆగలేదు. 1960లలో ఇంగ్లండులో ఇబుప్రొఫెన్, తరువాత నాప్రాక్సెన్ వచ్చాయి. పేటెంటు ఉన్నంతకాలం ఆ మందు కనిపెట్టినవాడిది. పేటెంటు తీరిన మర్నాడు, తక్కువ ఖర్చుతో ఎక్కువ శుద్ధంగా చేయగలవాడిది. నాప్రాక్సెన్ మీద అమెరికా పేటెంటు 1993 చివర తీరిపోయింది. 1990లో పరిశోధనశాలగా మొదలైన దివీస్ 1995లో చౌటుప్పల్ కర్మాగారం తెరిచింది. నాప్రాక్సెన్ ముడి మందు తయారీలో ప్రపంచంలోనే అగ్రస్థానానికి చేరింది. ఎక్కడో చికాగోలో మోకాళ్ళ నొప్పికి ఒక ముసలమ్మ మింగే గోలీలో మా ఉమ్మడి నల్లగొండ జిల్లా చెమట ఉండవచ్చునన్నమాట.

ఇంతవరకు విన్నవారికి "అయితే కొనవలసిందే" అనిపిస్తుంది. మాకూ 1995లో అలాగే అనిపించింది.

అప్పటి సంగతి కొంచెం చెప్పాలి. 1947 నాటి చట్టం ప్రకారం ఏ కంపెనీ అయినా ప్రజల నుంచి డబ్బు తీసుకోవాలంటే ప్రభుత్వ అధికారి అనుమతి, ఆయన ఒప్పుకున్న ధర ఉండాలి. 1992లో ఆ చట్టం రద్దయింది. అదే సంవత్సరం సెబీకి చట్టబద్ధమైన అధికారాలు వచ్చాయి గాని, ఆ కొత్త కాపలాదారు ఇంకా కళ్ళు నులుముకుంటున్నాడు. వేలాది కంపెనీలు పబ్లిక్ ఇష్యూలతో వచ్చాయి. నల్లగొండ గడియారం సెంటరులో దరఖాస్తు ఫారాలు కట్టలు కట్టలుగా దొరికేవి. జీతాల రోజున ఉపాధ్యాయుల గదిలో మార్కుల జాబితాలతో పాటు అవి కూడా చేతులు మారేవి.

మా పాఠశాల గణితోపాధ్యాయుడు మహా నిదానస్థుడు. ఆయనే ఒకనాడు ఒక ఫారం తెచ్చాడు. నొప్పి మాత్రలు, దగ్గు మందులు చేస్తామన్న చిన్న కంపెనీ. పేరు చెప్పను; చెప్పి ప్రయోజనమూ లేదు. ఫారం మీద పచ్చని చెట్ల నడుమ తెల్లని కర్మాగారం బొమ్మ. పది రూపాయల ముఖవిలువకే వాటా. "రెడ్డీస్ కూడా ఒకప్పుడు చిన్నదే గదా పంతులూ" అన్నాడాయన. ఆ ఒక్కమాట చాలింది. ఆయన భవిష్యనిధి నుంచి అప్పు తీసి 20,000 రూపాయలు పెట్టాడు. నేను 5,000 పెట్టాను. ఇంట్లో చెప్పలేదు.

వాటా పత్రాలు వచ్చాయి. చక్కని కాగితం, అంచులకు లతలు. రెండేళ్ళు వార్షిక నివేదికలు వచ్చాయి. మూడో ఏడు రాలేదు. మేము వ్రాసిన ఉత్తరం 'చిరునామాదారు లేరు' అనే ముద్రతో తిరిగి వచ్చింది. వేసవి సెలవుల్లో ఆయన పట్టుబట్టి ఆ కర్మాగారం చూడడానికి వెళ్ళాడు. బొమ్మలోని చెట్లు ఉన్నాయట. కర్మాగారం స్థానంలో పునాది గోడలు, తుప్పుపట్టిన ఒక గేటు. ఆయన పెద్దమ్మాయి పెళ్ళి ఆ ఏడు జరగవలసింది. రెండేళ్ళు వెనక్కి పోయింది. ఆ అమ్మాయి నా దగ్గర చదువుకున్న పిల్లే. ఆ రెండేళ్ళూ ఆయన ఉపాధ్యాయుల గదిలో ఎవరితోనూ కలిసి టీ త్రాగలేదు.

ఇది మా ఒక్కరి కథ కాదు. ఆ దశాబ్దం చివర కేంద్రప్రభుత్వమూ సెబీ కలిసి లెక్క తీస్తే, ప్రజల డబ్బు తీసుకుని జాడలేకుండా పోయిన కంపెనీలు దేశంలో రెండు వందలకు పైగా తేలాయి. వాటికి అధికారులు పెట్టిన పేరు 'అదృశ్య కంపెనీలు'. మన కథల్లో అదృశ్యమైనవాడు ఎప్పుడో ఒకప్పుడు ప్రత్యక్షమవుతాడు. వీళ్ళలో చాలామంది కాలేదు.

ఇప్పుడు రెండవ వైపు చూడండి. దివీస్ 2003లో ప్రజలకు వాటాలు అమ్మింది. ఒక్కోటి 140 రూపాయలు. వంద వాటాలకు 14,000. 2007లో ఒక వాటాను ఐదుగా విడగొట్టారు. 2009లో ఒకటికి ఒకటి బోనస్, 2015లో మళ్ళీ ఒకటికి ఒకటి. అంటే వంద కాస్తా రెండు వేలయ్యాయి. 2024లో ఒక్కో వాటా ధర 5,000 రూపాయలు దాటింది. 14,000 కోటి రూపాయలైనట్లు! లెక్కల సారు బ్రతికి ఉంటే బోర్డు మీద వేసి చూపించేవాడు.

అయితే ఈ లెక్కలో కనిపించనివి కొన్ని ఉన్నాయి. ప్రజల దగ్గరకు వచ్చేనాటికి దివీస్ వయస్సు పదమూడేళ్ళు. చౌటుప్పల్ కర్మాగారం ఎనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. విశాఖ దగ్గర చిప్పాడలో రెండవది కూడా లేచింది. వాళ్ళు ఫారం మీద బొమ్మను అమ్మలేదు. జరుగుతున్న పనిలో పాలు ఇచ్చారు. అయినా గండాలు తప్పలేదు. 2017 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ విశాఖ కర్మాగారం సరుకు మీద దిగుమతి హెచ్చరిక జారీచేసింది. వాటా ధర దారుణంగా పడింది. భయపడి అమ్మినవారు నష్టపోయారు. అదే ఏడు చివరలోగా హెచ్చరిక తొలగింది. ఇరవై యేళ్ళలో ఇటువంటి రాత్రులు ఎన్ని గడిపితే ఆ కోటి దక్కిందో ఆలోచించాలి. గెలిచినవాడి పేరే మనకు వినబడుతుంది. అదే కాలంలో పుట్టి పోయిన చిన్న కంపెనీల పేర్లు ఎవరూ చెప్పరు.

మా తూర్పు దిక్కున ఉన్న సువెన్ కథ మరొక పాఠం. 1989లో జాస్తి వెంకట్ స్థాపించిన ఆ సంస్థ ఇతర కంపెనీలకు మధ్యంతర రసాయనాలు చేసిపెట్టి సంపాదించింది. ఆ సంపాదనతో మతిమరుపు వ్యాధికి కొత్త మందు కనిపెట్టాలని ఏళ్ళ తరబడి పరిశోధన చేసింది. 2019లో ఆ మందు పరీక్షలో ఆశించిన ఫలితం రాలేదు. 2020లో తయారీ వ్యాపారం వేరుపడి మరొక కంపెనీగా మార్కెట్టుకు వచ్చింది. 2023లో దాని యాజమాన్యం విదేశీ పెట్టుబడి సంస్థ చేతికి పోయింది. 2025లో పేరే కోహాన్స్‌గా మారింది. వాటా పత్రం బీరువాలో పెట్టి మరచిపోతే, తెరిచేనాటికి కంపెనీ పేరు, పని, యజమాని మూడూ మారి ఉండవచ్చు. ఏడేళ్ళపాటు లాభాంశం తీసుకోకుండా వదిలేస్తే వాటాలే ప్రభుత్వ నిధికి బదిలీ అవుతాయి.

నొప్పి మందులకు ప్రత్యేకమైన ప్రమాదం ఇంకొకటి ఉంది. అవి రోజూ, ఎక్కువమంది, ఎక్కువకాలం మింగే మందులు. అందుచేత వాటి దోషం ఆలస్యంగా, ఒక్కసారిగా బయటపడుతుంది. కీళ్ళనొప్పులకు వాడిన రోఫెకాక్సిబ్ గుండెజబ్బులు పెంచుతున్నదని తేలి 2004 సెప్టెంబరు 30న మెర్క్ సంస్థ దానిని ప్రపంచమంతటా ఉపసంహరించింది. ఒక్కరోజులో ఆ మహాసంస్థ వాటా విలువలో నాలుగోవంతుకు పైగా పోయింది. మన దేశంలో 2006లో పశువులకు డైక్లోఫెనాక్ తయారీని ఆపమన్నారు. ఆ మందు ఉన్న కళేబరాలు తిని రాబందులు అంతరించిపోతున్నాయి. 2011లో పన్నెండేళ్ళలోపు పిల్లలకు నిమెసులైడ్ వద్దన్నారు. 2013లో డెక్స్‌ట్రోప్రొపాక్సిఫీన్‌ను నిషేధించారు. మెర్క్‌కు వేరే మందులున్నాయి, తట్టుకుంది. ఒకే మందు మీద బ్రతికే చిన్న కంపెనీ ఒక్క ఉత్తర్వుతో కూలుతుంది.

ఇక్కడ నా సొంత మనిషి ఒకరిని గురించి చెప్పక తప్పదు. మా మేనత్తను మర్రిగూడ వైపు ఇచ్చారు. ఆ నీళ్ళలో ఫ్లోరైడు. నలభై యేళ్ళకే ఆమె నడుము వంగింది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. నేను వెళ్ళినప్పుడల్లా మొదటి మాట, "కొడుకా, తెల్ల గోలీలు తెచ్చినవా?" అనే. ఊరి ఆర్.ఎం.పి. ఇచ్చే ఆ గోలీలు ఏళ్ళ తరబడి రోజుకు రెండు మూడు మింగింది. చివరకు ఎముకలు కాదు, మూత్రపిండాలు చెడి పోయింది. ఎక్కువకాలం వాడితే ఇటువంటి మందులు మూత్రపిండాలకు చేటని తరువాత డాక్టరు చెబితే తెలిసింది. ఆ గోలీలు తెచ్చిన చేయి నాది. నొప్పి గోలీ వాటా పత్రం మీద సంతకం చేసిందీ ఈ చేయే.

ఫ్లోరైడును నీటి నుంచి పటికతో, సున్నంతో తొలగించే విధానానికి లోకంలో 'నల్లగొండ పద్ధతి' అనే పేరుంది. పద్ధతికి మా పేరు దక్కింది గాని, మంచినీళ్ళు దక్కడానికి తరాలు పట్టింది. మిషన్ భగీరథ పైలానుకు 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది చౌటుప్పల్‌లోనే. నొప్పి తగ్గించే మందు తయారయ్యే చోటే నొప్పి పుట్టించే నీరు ఉండడం చూస్తే, చరిత్రకు కూడా శ్లేష తెలుసుననిపిస్తుంది.

ఇంకొక నీటి మాట. మా ఊరి పక్కనే సోలిపేట వద్ద 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు ఉంది. హైదరాబాదు నగరం వదిలిన నీరంతా మా కాలువల్లోకి వస్తుంది. పటాన్‌చెరు ప్రాంతంలో పరిశ్రమల వ్యర్థాల మీద 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు అక్కడి శుద్ధికేంద్రం నుంచి వెలువడే నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని లోకానికి చెప్పారు. తరువాత ఆ నీటిని గొట్టంలో అంబర్‌పేటకు, అంటే మూసీ వైపుకు, పంపే ఏర్పాటు చేశారు. ఏ మందు చేసినా వ్యర్థం ఎక్కడికో పోవాలి. వార్షిక నివేదికలో లాభం ఎంతో అణాపైసలతో ఉంటుంది. ఈ నీటి లెక్క ఆ లాభంలో తీసివేశారో లేదో వెతికి చూడవలసిందే.

కనుక నాయనా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. కొనవద్దని అనను. పాలు పంచుకునేవాళ్ళు లేకపోతే చౌటుప్పల్‌లోనూ సూర్యాపేటలోనూ ఏ కర్మాగారమూ పెరగదు. వేలమంది మన పిల్లల అన్నం వాటిలోనే ఉంది. అయితే షేరు నలభై రూపాయలే అన్న మాటకు అర్థం లేదు. మొత్తం వాటాలెన్నో తెలియకుండా ఒక వాటా ధర చవకో ఖరీదో చెప్పలేము. మడి ఎంతో తెలియకుండా మునుం బేరం చేసినట్లే. ఆ కంపెనీ చేసే మందు ఏది? ఒకటేనా, పది ఉన్నాయా? కర్మాగారం సొంతమా, ఎవరిదో పేరు అద్దెకు తెచ్చుకున్నారా? తనిఖీ ఎవరు చేశారు, ఏమి లోపం వ్రాశారు? అప్పెంత, యజమానులు తమ వాటాలను తాకట్టు పెట్టారా? వ్యర్థజలం ఎటు పోతున్నది? ఈ ఆరు ప్రశ్నలకు సమాధానాలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. మాకు 1995లో ఆ వీలు లేదు. ఉన్నా చదివేవాళ్ళమో లేదో! అవి చదివాక, పోయినా అమ్మాయి పెళ్ళి ఆగనంత డబ్బే పెట్టు.

చివరి మాట పాలోళ్ళది. వాటా కొంటే నీవు ఆ కంపెనీకి పాలోడివి. పంటలో పాలున్నట్లే మైలలోనూ నీకు పాలుంటుంది. ఆ గోలీ ఒక ముసలమ్మకు రాత్రి నిద్ర ఇస్తే అందులో నీ పాలు కొంచెం ఉంది. మోతాదు మించి అమ్మి ఆమె మూత్రపిండాలు చెడగొడితే అందులోనూ ఉంది. దీనికి ఒప్పుకుంటేనే సంతకం చెయ్యి.

మా గణితోపాధ్యాయుడు ఆ వాటా పత్రాలను చివరిదాకా పారవేయలేదు. ఆయన పోయాక పెద్దమ్మాయి వాటిని తెచ్చి నాకిచ్చింది. "సార్, ఇవి ఇప్పుడు చెల్లుతయా?" అని అడిగింది. చెల్లవమ్మా అన్నాను. తిరిగి ఇవ్వబోతే, "మీ దగ్గరే ఉంచండి, పిల్లలకు చూపించండి" అంది. నావీ ఆయనవీ ఇప్పుడు ఒకే కవరులో ఉన్నాయి. వచ్చే వారం నీవు ఊరికి వచ్చినప్పుడు చూపిస్తాను.

సెలవు.